కాండం చీలిన చోట

మా అత్తగారు పోయారు. బంధువులకీ స్నేహితులకీ ఆ సంగతి మా ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్‌తో తెలిసింది. అమ్మ ఈ తెల్లవారుజామున ప్రశాంతంగా వెళ్ళిపోయిందని రాశాడు. ప్రశాంతంగా ఏమీ వెళ్ళలేదు. ఆక్సిజన్ మాస్కు లాగేసుకుంటూ, నర్సు మీద తెలుగులో విసుక్కుంటూ, కిటికీ పరదా తీయమని నన్ను సతాయిస్తూ వెళ్ళారు. కడప కాలేజీలో ఏళ్ళ తరబడి బోటనీ చెప్పిన మనిషి. విద్యార్థుల రికార్డుల్లో తప్పు రాతను ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసేవారట. ఆవిడ గురించి రాసేటప్పుడు అందంగా ఉంటుందని అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మేము ఉండేది టెక్సస్‌లో, ఆస్టిన్‌కి ఉత్తరాన రౌండ్‌రాక్‌లో. ఇక్కడ చలికాలం అంటే నాలుగు స్వెట్టర్లు బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టుకోవడమే. మంచు కోసం జనం ఇక్కడినుంచి వేరే రాష్ట్రాలకు వెళ్తారు. అలాంటి చోట కూర్చుని మా అత్తగారు ఏడాది పొడవునా మంచు కోసం ఎదురుచూసేవారు. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన మొదటి డిసెంబరులోనే ఈ పిచ్చి మొదలైంది.

మా కాలనీ వెనక వాగు పక్కన నడక దారి ఉంది. ఒకరోజు పొద్దున్నే ఇద్దరం వాకింగ్‌కి వెళ్ళాం. రాత్రి బాగా గడ్డకట్టే చలి వేసింది. చెట్ల కింద ఎండు మొక్కల మొదళ్ళలో తెల్లగా ఏవో కనిపించాయి. ఎవరో టిష్యూ పేపర్లు వాడి పారేశారనుకున్నాను. ఆవిడ వంగి ఒకటి తీయబోయారు.

“అత్తయ్యా, ముట్టుకోకండి! ఎవరి ముక్కు తుడుచుకున్నవో ఏంటో!” అన్నాను.

అప్పటికే ముట్టుకున్నారు. వేళ్ళ మధ్య అది నీళ్ళయిపోయింది. ఆవిడ తడి వేళ్ళని చూసుకున్నారు, తర్వాత నేల మీదే మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. చీర అంచుకి బురద అంటుతోందని నేను మొత్తుకుంటున్నా వినిపించుకోలేదు. ఎండు కాండం మొదట్లోంచి కాగితంకన్నా పల్చటి మంచు రిబ్బన్లు బయటికొచ్చి, చుట్టలు చుట్టుకుని, రేకుల్లా ముడుచుకుని ఉన్నాయి. పక్క మొక్కకి ఇంకో తీరుగా ఉన్నాయి. ఆ పక్కదానికి మరో తీరు. ఎండ చెట్ల సందుల్లోంచి దిగేసరికి అన్నీ ఒక్కొక్కటే కూలిపోయాయి. ఎంతోమంది ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటూ కూడా వీటిని చూడరు. సంవత్సరంలో మొదటి గట్టి చలి పడిన ఒకటి రెండు పొద్దుల్లో మాత్రమే, అదీ ఎండ రాకముందు మాత్రమే కనిపిస్తాయి.

ఆ మొక్కని ఇక్కడ ఫ్రాస్ట్‌వీడ్ అంటారు. ఆ మంచును అందరూ మంచుపువ్వు అంటారు. మా అత్తగారి ముందు ఆ మాట అన్నవాళ్ళ పని అయిపోయినట్టే.

“పువ్వు కాదమ్మా. పువ్వంటే కేసరాలుండాల, అండాశయం ఉండాల. ఇది కాండం చీలడం. ఆకులు ఎండిపోయినా వేరు ఇంకా నీళ్ళు తోడి పైకి పంపిస్తానే ఉంటాది. ఆ నీళ్ళు గడ్డకట్టి కాండాన్ని చీల్చుకొని బయటికొస్తాయి. మొక్క ప్రాణం పోయేదాన్ని చూసి మీరు పువ్వంటాండారు.”

ఒకసారి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర ఒక స్నేహితురాలు అత్తగారు తీసి ఫ్రిజ్ మీద అంటించిన మంచు ఫొటో చూసి “ఏం దేవుడి లీల ఆంటీ!” అంటే, ఆమెకి పులిహోర చల్లారిపోయేదాకా క్లాసు పీకారు. ఆ తర్వాత మా ఇంటికొచ్చినవాళ్ళు ఫ్రిజ్ మీది ఫొటోల వైపు చూడకుండా జాగ్రత్తపడేవారు. చూస్తే ఫ్రిజ్ తలుపు దగ్గర నిలబెట్టి పాఠం చెప్తారని భయం. ప్రతి ఫొటోకీ కుడివైపు స్కేలు పెట్టి గీతలు గీసి, పెన్సిల్‌తో భాగాల పేర్లు రాసేవారు. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే ఆ ప్రింటు చింపేసి ఇంకోటి వేయించేవారు.

కెమెరా మాత్రం అంత తేలిగ్గా పట్టుబడలేదు. దగ్గరి వస్తువుల్ని పెద్దగా తీసే లెన్స్ ఒకటి కొన్నాం. మొదట్లో అన్నీ మసకే. తెల్లటి మంచు వెనక ఎండుగడ్డి ఉంటే ఏది ఏదో తెలియదు. వెనక ఏదైనా నల్లగా ఉండాలి. ఆవిడ తన పెట్టె అడుగునుంచి మామగారి కోర్టు కోటు తీసుకొచ్చారు. మామగారు వకీలు. ఆ కోటుని ఆవిడ ఇంత దూరం మోసుకొచ్చారంటే మేమంతా జ్ఞాపకం కోసమేననుకున్నాం. దాన్ని రెండు పుల్లలకి తగిలించి మంచు వెనక నిలబెడుతుంటే నాకే ప్రాణం చివుక్కుమంది.

“మామయ్యగారి కోటు అత్తయ్యా అది. బురదవుతుంది.”

“కానీలే. ఇంత బాగా వెలుతురు మింగే గుడ్డ యాడ దొరుకుతాది?” అన్నారు. కోటు భుజాలు సర్దుతూ, “ఆయన ఉన్నా ఇంతే. నేను చెప్పిన చోట నిలబడేటోడు” అన్నారు.

నాకు ఫొటో తీయడం నేర్పింది కూడా ఆవిడే. నేర్పడం అంటే కెమెరా ఇవ్వకపోవడం. “ముందు కంటితో చూడు. నీకేం కనపడిందో నాకు చెప్పు. ఆనక తియ్యొచ్చు” అనేవారు. సెల్‌ఫోన్‌తో టకటకా తీసుకుంటూ పోయే జాగర్లని చూసి “వీళ్ళు ఇంటికిపోయి చూస్తారంట” అని వాళ్ళకి వినపడేలా నవ్వేవారు. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

పూర్తిగా విచ్చుకున్న మంచుని ఆవిడ ఎన్నో తీశారు. కొన్ని నిజంగా గొప్పగా వచ్చాయి. కానీ ఆవిడకి కావలసింది అది కాదు. కాండం చీలే మొదటి క్షణం కావాలి. ఆ చీలికలోంచి మంచు అంచు బయటపడే ఫొటో కావాలి. విచ్చుకున్నాక అందరూ తీస్తారు, చీలేటప్పుడు ఎవరు చూశారు అనేవారు. దానికోసం తెల్లారకముందే వెళ్ళాలి, ఇంకా చీలని మొక్కని ఎంచుకోవాలి, దాని ముందు కూర్చోవాలి. ఎంచుకున్నది ఆ రోజు చీలకపోతే అంతే సంగతులు. రెండు శీతాకాలాలు అలాగే ఉత్తి చేతులతో వచ్చాం.

మూడో ఏడు నర్సరీలో దొరికిందని ఒక ఫ్రాస్ట్‌వీడ్ మొక్క తెచ్చి పెరట్లోనే నాటారు. తెల్లారకుండా వాగు దాకా పోనక్కర్లేదు, వంటింటి తలుపు తీస్తే చాలు. శరదృతువులో తెల్లటి పూలు పూసింది. సీతాకోకచిలుకలు వాలాయి. ఆవిడ వాటి మొహం కూడా చూడలేదు, చలి ఎప్పుడొస్తుందా అని వాతావరణం యాప్ చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒకరోజు, రాత్రికి గడ్డకట్టే చలి పడుతుందని ఫ్రీజ్ వార్నింగ్ వచ్చింది. కెమెరా ఛార్జింగ్ పెట్టుకుని తొందరగా పడుకున్నారు.

టెక్సస్‌లో ఫ్రీజ్ వార్నింగ్ అంటే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పాలి. కరివేపాకు కుండీ గరాజ్‌లోకి వెళ్తుంది. లోపలికి రాని మల్లెకీ గోంగూరకీ పాత దుప్పట్లు కప్పుతారు. దుప్పటి లోపల వెచ్చగా ఉండటానికి చిన్న బల్బుల దండ వెలిగిస్తారు. మా ఆయన ఈ పనిలో ఘనుడు. ఆఫీస్ నుంచి ఆలస్యంగా వచ్చి, అమ్మ ప్రాణంగా చూసుకుంటున్న మొక్క బయట వణుకుతోందని, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మందమైన రజాయి తెచ్చి దానికి కప్పాడు. రెండు దండలు వెలిగించాడు. గాలికి ఎగిరిపోకుండా చుట్టూ ఇటుకలు కూడా పెట్టాడు.

పొద్దున అత్తగారు తలుపు తీసి చూస్తే ఆ మొక్క పచ్చగా, వెచ్చగా, హాయిగా ఉంది.

ఆవిడ ఆ రోజంతా కొడుకుతో మాట్లాడలేదు. సాయంత్రం అన్నం పెడుతూ మాత్రం, “నీకు చిన్నప్పట్నించీ ఇంతేరా. దేన్నయినా సరే కప్పి పెడ్తావు” అన్నారు. మా ఆయన మొహం చిన్నబోయింది. నేను నవ్వు ఆపుకోలేక గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు రావడం లేదు.

ఆ తర్వాతి వేసవిలో ఆవిడ కళ్ళు పాడవడం మొదలైంది. కంటి మధ్యలో చూపు పోతుంది, పక్కలది మిగులుతుంది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే చెవి వైపు చూడాలి. ఇంజెక్షన్లు చేయించాం. జబ్బు వేగం తగ్గింది కానీ ఆగలేదు. పెన్సిల్ గీతలు ఒకదాన్నొకటి దాటడం మొదలుపెట్టాయి. ఆవిడకి తెలిసిందో లేదో నేను అడగలేదు. ఫ్రిజ్ మీద కొత్త ఫొటోలు పెట్టడం మానేశారు. దానికి తోడు ఆయాసం. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాల్సి వచ్చేది. చల్లగాలి తగలనివ్వొద్దని డాక్టర్ చెప్పాడు.

మొన్న డిసెంబరులో మళ్ళీ ఫ్రీజ్ వార్నింగ్ వచ్చింది. పెరట్లోని మొక్క వేసవి ఎండలకే మాడిపోయింది. రాత్రి భోజనాల దగ్గర ఆవిడ నాతో, “పొద్దున వాగు కాడికి పోదామా?” అన్నారు.

నేను సమాధానం చెప్పేలోపే మా ఆయన అందుకున్నాడు. “అమ్మా, డాక్టర్ ఏం చెప్పినాడు? నో కోల్డ్ ఎక్స్‌పోజర్ అన్నాడు. నీ లంగ్స్ ఏ కండిషన్‌లో ఉన్నాయో నీకు తెల్సా? కావాలంటే యూట్యూబ్‌లో టైమ్‌లాప్స్ వీడియోలున్నాయి, టీవీలో పెద్దగా పెట్టి చూపిస్తా.”

“ఎవరో చూసింది నాకెందుకురా?”

“నెక్స్ట్ ఇయర్ చూద్దాంలే.”

“వచ్చే ఏటికి ఈ మిగిలింది కూడా ఉండదు” అని కళ్ళు చూపించారు. గొంతు పెంచలేదు. “నేను నిన్ను అడగడంల్యా. నాకు డ్రైవింగ్ రాదు గనక ఈ అమ్మాయిని అడుగుతాండా.”

ఇద్దరూ నా వైపు చూశారు. ఆవిడ నా చెవి వైపు చూశారు. నేను తీసుకెళ్తానన్నాను. మా ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. తర్వాత గదిలో నాతో, “అమ్మకేమైనా అయితే బాధ్యత నీదే” అన్నాడు. సరేనన్నాను. అంత చిన్న మాట ఎంత తేలిగ్గా అనేశానో.

తెల్లారకముందే బయల్దేరాం. ఆవిడకి రెండు స్వెట్టర్లు, కోటు, కాళ్ళకి నావి ఊలు సాక్సులు వేశాను. మడత కుర్చీ, లైటు, కెమెరా, ఫ్లాస్కులో రాగి జావ నేను మోశాను. మామగారి కోటు ఆవిడే పట్టుకున్నారు. వాగు పక్కన అప్పటికే కొన్ని మొక్కలు చీలి తెల్లబడి ఉన్నాయి. ఆవిడ వాటి దగ్గర ఆగలేదు. కుర్చీలో కూర్చుని ముందుకి వంగి, గ్లవుజు తీసేసి, ఒక్కో కాండాన్నీ మొదట్లో వేళ్ళతో తడుముతూ వెళ్ళారు. నేను కుర్చీ జరుపుతూ వెళ్ళాను.

ఒకదాని దగ్గర వేళ్ళు ఆగాయి. “ఇది ఇంకా చీల్లా. ఉబ్బింది. ఇక్కడ పెట్టు” అన్నారు.

కోటు నిలబెట్టాను, లైటు పక్కనుంచి పడేలా పెట్టాను. కెమెరా నేలకి ఆనించాను. అంత దగ్గర్లో మన ఊపిరి తగిలినా పల్చటి మంచు కరిగిపోతుంది. లైటు వెలుతురులో ఆవిరి తెల్లగా పడి ఫొటో కూడా పాడవుతుంది. ఇద్దరం ముక్కూ నోరూ మఫ్లర్లతో చుట్టుకున్నాం. ఆవిడ ఊపిరి గరగరమనడం గుడ్డలోంచి వినిపిస్తూనే ఉంది. వెళ్ళిపోదామా అని నేనొకసారి అడిగాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపారు. భయం వేసింది నాకు. భయం వేసినా అక్కడే ఉన్నాను.

తూర్పున చెట్ల మధ్య బూడిద రంగు వెలుగు వస్తుండగా కాండం మీద ఏదో మెరిసింది.

“అత్తయ్యా, వస్తోంది.”

“ఏం కనపడ్తాంది? చెప్పు.”

“తెల్లగా...”

“తెల్లగా అంటే మార్కులు రావు. యాడ? ఎంత పొడుగు? అంచు ఎట్లుంది?”

ప్రాక్టికల్ పరీక్షలో నిలబడినట్టే చెప్పాను. నేలకి బెత్తెడు ఎత్తులో, నిలువుగా, గోటితో గీసినంత గీత. పైన సన్నగా ఉంది, కింద కొంచెం వెడల్పు. గీత కాదు, అంచు. అద్దంలా లేదు, పాలమీగడ రంగు. లోపల సన్న సన్న పోగులు. కుడివైపుకి వంగుతోంది. చెప్తూనే బటన్ నొక్కుతున్నాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని, కంటి చివరినుంచి చూస్తూ, మెల్లగా ఇంకొంచెం తిప్పుకుంటూ కూర్చున్నారు. చాలాసేపటికి “ఆ” అన్నారు. నవ్వారు. ఆవిడ అంత గట్టిగా నవ్వడం మామగారు పోయాక నేను వినలేదు. “అట్లనే ఉంది. బోర్డు మీద నేనేసిన బొమ్మ లాగనే ఉంది” అన్నారు.

ఎండ వచ్చేదాకా ఉన్నాం. కార్‌లో హీటర్ పూర్తిగా పెట్టినా ఇంటిదాకా ఆవిడ దగ్గుతూనే ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. మా ఆయన గరాజ్‌లో నిలబడి ఉన్నాడు. తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ లోపలికి నడిపించుకెళ్ళాడు. నా వైపు చూడలేదు.

కొన్ని వారాలకి ఆవిడకి జ్వరం వచ్చింది. తర్వాత న్యుమోనియా. ఆ రోజుల్లో ఊరంతా ఫ్లూ ఉంది, మా ఆఫీస్‌లో సగం మంది దగ్గుతున్నారు. ఇది వైరస్ వల్ల వచ్చింది, చలిలో కూర్చున్నందుకు కాదు అని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన అదే ప్రశ్న మళ్ళీ ఇంకో డాక్టర్‌ని అడిగాడు. ఆయనా అదే చెప్పాడు. మా ఆయన తలూపాడు, నమ్మలేదు. నమ్మమని నేను చెప్పలేను. నా మనసులో కూడా ఏ మూలో ఆ దగ్గు వినిపిస్తూనే ఉంది. కానీ మళ్ళీ ఆవిడ అడిగితే మళ్ళీ తీసుకెళ్తానా అంటే, తీసుకెళ్తాను. ఆ మాట ఇంట్లో అనలేక ఇక్కడ రాస్తున్నాను.

అంత్యక్రియలయ్యాయి. అస్థికలు కడప తీసుకెళ్ళి వచ్చాం. ఇన్ని రోజుల్లో మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనేస్తే బాగుండుననిపించేది. కూరలు తెస్తున్నాడు, మా పాపని స్కూల్‌కి దింపుతున్నాడు, బిల్లుల సంగతి మాట్లాడుతున్నాడు. ఆ పొద్దు గురించి మాత్రం ఇద్దరం తప్పించుకు తిరుగుతున్నాం. ఫొటోలు వచ్చాయా అని ఒక్కసారి కూడా అడగలేదు. అత్తగారు తీయించిన చివరి ఫొటోలు అవేనని ఆయనకి తెలుసు. ఫ్రిజ్ మీద ఒకటి పెడదామని ప్రింటు వేయించి, పెట్టే ధైర్యం లేక బీరువాలో పెట్టేశాను. ఆవిడ పోయిన దుఃఖం ఒకటి, దాన్ని పంచుకోవలసిన మనిషి దగ్గర నోరు మెదపలేకపోవడం ఇంకొకటి. ఈ రెండోది నాకు ఎక్కువ బరువైంది.

నిన్న ఆదివారం. ఇది రాయడం కోసం ఆ పొద్దుటి ఫొటోలన్నీ కంప్యూటర్‌లో తెరిచి, పొయ్యి మీద పప్పు పొంగుతుంటే వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఆయన ఉన్నాడు. వెనకనుంచి చూస్తూ గుమ్మంలోనే ఆగిపోయాను. చీలిక, అంచు, కుడివైపు వంపు, అన్నీ ఒక్కొక్కటే దాటిస్తున్నాడు. ఆవిడ అన్నేళ్ళు ఎదురుచూసిన ఫొటో దగ్గర కూడా ఆగలేదు. ఇంకా ముందుకెళ్ళి ఒకదాని దగ్గర ఆగాడు.

“ఇదేంటి, ఇక్కడ తెల్లగా?”

దగ్గరికి వెళ్ళి చూశాను. “అది పాడైపోయింది. అత్తయ్య నవ్వినప్పుడు మఫ్లర్ జారింది. ఆవిరి అడ్డం వచ్చింది.”

“అమ్మ ఊపిరా?”

“ఊఁ.”

“వణికిందా?” అన్నాడు.

“వణికారు.”

“నవ్విందా నిజంగా?”

“గట్టిగా నవ్వారు.”

ఆయన మౌస్ పట్టుకుని ఫొటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. మంచుని, కాండాన్ని తెర బయటికి జరిపేశాడు. నల్లటి కోటు మీద ఆ తెల్లటి ఆవిరి ఒక్కటే మిగిలింది.

“దీన్ని డిలీట్ చెయ్యొద్దు” అన్నాడు. ఎడమ చేత్తో పక్కనున్న కుర్చీని నా వైపు లాగాడు. కూర్చున్నాను. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. అంత దగ్గరగా చూస్తే ఆ ఊపిరి అంచులు సన్నటి పోగులుగా విడిపోతూ ఉన్నాయి.